జింకకు రోజుకు ఏడు పువ్వులు

పాతిక సెంట్ల చెక్కలో సాలుకూ సాలుకూ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ మధ్య 30 సెంటీమీటర్లు వదిలి పొద్దుతిరుగుడు వేస్తే పట్టేవి సుమారు 5,600 మొక్కలు. అన్నీ ఒక్కసారి పూస్తే ఊరంతా వచ్చి ఫొటోలు దిగుతుంది. అదే చెక్కను జింకల మేత కోసమని కంచె లేకుండా వదిలేస్తే, ఆ 5,600లో పువ్వు దాకా వచ్చేవి ఎన్ని? కాగితం మీద లెక్క కడితే తరచుగా వచ్చే జవాబు సున్నా. ఆ సున్నా ఎక్కడ పడుతుందో తెలిస్తే దాన్ని తప్పించే దారి కూడా ఆ లెక్కలోనే కనిపిస్తుంది.

అడవి జంతువుల కోసం చిన్న చిన్న చెక్కల్లో పంట వేసి వదిలెయ్యడం ప్రధానంగా అమెరికా అలవాటు. 1900 నాటికి వేట దెబ్బకు అయిదు లక్షల లోపుకు పడిపోయిన తెల్లతోక జింకలు ఇప్పుడక్కడ దాదాపు 3 కోట్లు. వాటిని తమ భూమిలోకి రప్పించుకోవడానికి సొంత పొలాలున్నవాళ్ళు అరెకరం, ఎకరం చొప్పున మేత చెక్కలు పెంచుతారు. వాళ్ళలో ఎక్కువమంది తుపాకి ఉన్నవాళ్ళే అన్నది దాచాల్సిన విషయం కాదు. పొద్దుతిరుగుడు పుట్టిల్లు కూడా ఉత్తర అమెరికానే. అక్కడి ఆదివాసులు దాన్ని నాలుగు వేల ఏళ్ళ కిందటే సాగులోకి తెచ్చారు. మనకు నూనె పంటగా వచ్చింది మాత్రం 1969లో, సోవియట్ రకాలతో. 1980లో బెంగళూరులో తొలి హైబ్రిడ్ బీఎస్‌హెచ్-1 వచ్చాక ఊపందుకుని, 1993-94లో దేశం మొత్తం మీద 26 లక్షల హెక్టార్లు దాటింది. ఇప్పుడు అందులో పదో వంతు మిగిలితే గొప్ప. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల జింకల చెక్కల్లో పొద్దుతిరుగుడుకు జతగా చల్లేవి అలసందలు, అనుములు, జనుము. మనం వాళ్ళ పువ్వు పెంచుకుంటుంటే వాళ్ళు మన పప్పుజాతి పైర్లతో జింకల్ని మేపుతున్నారు.

లెక్కకు ఒక చోటు కావాలి కాబట్టి మయన్మార్‌లోని యాంగూన్ తీసుకుందాం. ఉత్తరాంధ్ర పెద్దలు రంగం అని పిలిచిన ఊరే. నగరానికి ఉత్తరంగా 35 కిలోమీటర్ల దూరంలో, మింగలాడాన్ వైపు, హ్లాగా జాతీయ పార్కు ఉంది. 1982లో ఏర్పడింది. మొత్తం 1,540 ఎకరాలు, అందులో జంతువులు తిరిగే వన్యప్రాణి భాగం 818 ఎకరాలు. నగరానికి 1904 నుంచి నీళ్ళిస్తున్న హ్లాగా చెరువు పక్కనే ఉంది. కంచె లోపల స్వేచ్ఛగా తిరిగే జింకలు, పక్కన మహానగరం, ఆరు నెలలు కుండపోత, ఆరు నెలలు ఎండ. మేత చెక్క ప్రశ్నలన్నీ ఒకచోట చేరాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మయన్మార్‌లో జింకలంటే ముఖ్యంగా నాలుగు. కణుజు, అంటే సాంబర్, అన్నిటికంటే పెద్దది. ఆగ్నేయాసియాలో పెరిగిన మగది 150 కిలోలు సులువుగా తూగుతుంది. థామిన్ అనే అక్కడి ప్రత్యేకమైన జింక వంద కిలోల పైచిలుకు. విల్లులా ముందుకు వంగిన కొమ్ములది. ప్రపంచమంతటా అంతరించే ప్రమాదంలో ఉన్న ఈ జాతికి మయన్మార్‌లో పెద్ద దిక్కు చాట్టిన్, ష్వేసెట్టా అభయారణ్యాలు. మూడోది హాగ్ డీర్, 30 నుంచి 50 కిలోలు. తల దించుకుని పందిలా పొదల్లోంచి దూసుకుపోతుంది కాబట్టి ఆ పేరు. ఇది కూడా ప్రమాదపు జాబితాలోదే. నాలుగోది మొరిగే జింక. పాతిక కిలోలు దాటడం అరుదు.

ఇప్పుడు మేత సంగతి. నెమరువేసే జంతువు రోజుకు తన బరువులో 2 నుంచి 3 శాతం ఎండుమేత తింటుంది. ఎండుమేత అంటే ఆకులోని నీరంతా తీసేశాక మిగిలే పదార్థం. 150 కిలోల కణుజుకు రెండున్నర శాతం చొప్పున 3.75 కిలోలు కావాలి. లేత ఆకులో ఎండు పదార్థం 15 శాతమే. అంటే పచ్చిమేతగా చూస్తే 25 కిలోలు. అందులో సగం బయట గడ్డిలో, సగం మన చెక్కలో తింటుందని ఉదారంగా అనుకుందాం. ఒక్కో కణుజు చెక్కలో తినేది 12 కిలోలు.

5,600 మొక్కలు, నెల వయసు, ఒక్కోటి 100 గ్రాములు అనుకుంటే చెక్కలో ఉన్న పచ్చిమేత 560 కిలోలు. అయిదు కణుజులకు తొమ్మిది రోజులు రావాలి కదా అనిపిస్తుంది. రాదు. జింక కోడెలాగా మొక్క మొదలంటా మెయ్యదు. లేత చిగురు గిల్లుకుని పక్క మొక్కకు వెళ్తుంది. గిల్లే చిగురు పది గ్రాములు అనుకుంటే, 12 కిలోలకు 1,200 మొక్కలు. అయిదు కణుజులకు 6,000. మన దగ్గర ఉన్నవి 5,600. అంటే ఒక్క రాత్రి.

చిగురు పోయినంత మాత్రాన మొక్క చచ్చిపోదు. కానీ నూనె కోసం పెంచే పొద్దుతిరుగుడుది ఒంటి కాండం, ఒంటి పువ్వు. మొగ్గ తొడగకముందే తల పోతే పక్కల నుంచి వచ్చేవి బలహీనమైన కొమ్మలు, ఆలస్యంగా వచ్చే గోళీకాయంత పువ్వులు. బీజదళాల కింద నుంచి కొరికితే అవి కూడా రావు. తెల్లారి చెక్కలోకి వెళ్ళి కాండం కొస చూస్తే ఎవరి పనో తెలిసిపోతుంది. చెవులపిల్లి కొరికితే కత్తితో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. జింకకు పై దవడలో ముందుపళ్ళు ఉండవు. కింది పళ్ళతో పట్టి లాగి తెంపుతుంది కాబట్టి కొస చీలికలు చీలికలుగా, నారలు వేలాడుతూ ఉంటుంది. పొద్దుతిరుగుడు కాండంలో తెల్లటి బెండు ఉంటుంది కనుక ఆ చీలిక దూరానికే కనిపిస్తుంది.

అందుకే మేత చెక్కల విషయంలో అనుభవం ఉన్నవాళ్ళు ఎకరం లోపు పొద్దుతిరుగుడును కంచె లేకుండా వెయ్యొద్దంటారు. ఎకరం దాటితే జింకలు అంచుల్లో మేసినా నడుమ కొంత మిగులుతుంది. పాతిక సెంట్లలో అంచే ఎక్కువ, నడుమ తక్కువ.

కంచె లెక్కలో ఒక మెలిక ఉంది. పాతిక సెంట్లు అంటే సుమారు 1,012 చదరపు మీటర్లు. చతురస్రంగా ఉంటే చుట్టూ 127 మీటర్ల కంచె. పూర్తి ఎకరానికి 254 మీటర్లు. నేల నాలుగింతలైతే కంచె రెండింతలే అవుతుంది. పది సెంట్ల చెక్కకు కూడా 80 మీటర్లు కావాలి. అంటే సెంటుకు పడే కంచె చిన్న చెక్కకే ఎక్కువ. ఎత్తు కూడా మాటవరసకు కాదు, కణుజు లాంటి పెద్ద జింకను ఆపాలంటే ఎనిమిది అడుగులు ఉండాలి. పువ్వులు చూసి మురిసిపోయేవాళ్ళు ముందుగా మరిచిపోయే ఖర్చు ఇదే.

ఇక వాన. యాంగూన్‌లో ఏటా సుమారు 2,700 మిల్లీమీటర్లు కురుస్తుంది. హైదరాబాదుకు మూడింతల పైమాటే. అందులో నూటికి తొంభై పాళ్ళు మే నుంచి అక్టోబరు లోపే. ఒక్క ఆగస్టులో పడే వాన మన అనంతపురంలో ఏడాదంతా పడే వానతో పోటీ పడుతుంది. పొద్దుతిరుగుడు వేళ్ళకు నీళ్ళు నిలవడం గిట్టదు. కాబట్టి తొలకరిలో వెయ్యడం అనే మన అలవాటు అక్కడ పనికిరాదు. అక్కడి రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. ఇరావతి డెల్టాలో వరి కోశాక, మిగిలిన పదును మీద, చలికాలపు పంటగానే పొద్దుతిరుగుడు వేస్తారు. ఎగువన మగ్వే, సగాయింగ్ ప్రాంతాల్లోనూ అది పాత పంటే.

నవంబరు రెండో వారంలో విత్తితే హైబ్రిడ్‌కు 40 నుంచి 45 రోజుల్లో మొగ్గ, 60 రోజులకు నిండు పూత, 90 నుంచి 95 రోజులకు కోత. ఫిబ్రవరి నడిమికి గింజ చేతికొస్తుంది. జింకలకు సరిగ్గా అప్పుడే కరువు మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడ కురిసేది పట్టుమని పది మిల్లీమీటర్లు ఉండదు. గడ్డి పండి, ఎండి, మాంసకృత్తులు 7 శాతం కిందికి దిగిపోతాయి. ఆ గీత కింద నెమరు పొట్టలోని సూక్ష్మజీవులకే తిండి చాలదు. పొట్ట నిండా గడ్డి ఉన్నా జింక చిక్కిపోతుంది. ఈ ఒక్క కారణానికే యాంగూన్‌లో పొద్దుతిరుగుడు గురించి ఆలోచించడం దండగ కాదంటాను.

కాకపోతే వాన లేని కాలపు పంటకు నీళ్ళు మనమే పెట్టాలి. మొగ్గ దశ, పూత దశ, గింజ పాలుపోసుకునే దశ, ఈ మూడింట్లో తడి తప్పితే గింజ తాలు పోతుంది. పాతిక సెంట్లకు 5 సెంటీమీటర్ల తడి అంటే 50 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. మూడు తడులకు ముప్ఫై. పక్కనే చెరువుంది కదా అనుకోవచ్చు, కానీ అది జనం తాగే నీళ్ళ చెరువు. దాని పరివాహకంలో యూరియా, పురుగుమందులు వాడటం కూడా ఆలోచించాల్సిన సంగతే. అక్కడి ఎర్ర నేలల్లో పులుపు ఎక్కువ. పొద్దుతిరుగుడుకు నచ్చే ఉదజని సూచిక 6 నుంచి 7.5. సున్నం వెయ్యకుండా దిగితే మొక్క ఎదగదు.

కంచె వేశాం, తడి పెట్టాం, చిలకల నుంచి కూడా పంటను కాచుకున్నాం అనుకుందాం. చిలకల కోసం మన రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు ఏనాడో చెప్పిన మెరుపు రిబ్బను ఉండనే ఉంది. ఒకవైపు ఎరుపు, మరోవైపు వెండి రంగు. రెండు గుంజల మధ్య రెండు మూడు మెలికలు తిప్పి కడితే ఎండకు మెరుస్తుంది, గాలికి బుయ్యిమంటుంది. పైరు ఎత్తు కంటే అడుగు పైన కట్టాలి. గింజ గట్టిపడే పది పదిహేను రోజులకే వాడాలి. ముందు నుంచీ కట్టి ఉంచితే చిలకలు దానికి అలవాటు పడిపోతాయి.

మన దేశపు సగటు దిగుబడి ఎకరానికి 400 కిలోల దరిదాపు. ఆ చొప్పున పాతిక సెంట్లకు 100 కిలోల గింజ. మొక్కకు 18 గ్రాములన్నమాట. ఇందులో నూనె 40 శాతం దాకా ఉంటుంది, బలమైన తిండే. ఆ బలమే చిక్కు కూడా. నెమరువేసే జంతువు తినే మొత్తం మేతలో కొవ్వు 6 శాతం దాటితే పొట్టలో నారను అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. 60 కిలోల జింక రోజుకు తినే ఎండుమేత కిలోన్నర. ఆకు, గడ్డిలోనే రెండు మూడు శాతం కొవ్వు ఎటూ ఉంటుంది. పైన చేర్చగలిగేది మహా అయితే 50 గ్రాముల కొవ్వు. అంటే 130 గ్రాముల గింజ, రెండు మూడు గుప్పిళ్ళు. పువ్వుల్లో చెప్పాలంటే ఏడు.

జింకకు రోజుకు ఏడు పువ్వులు. పది జింకలకు డెబ్భై. 5,600ను డెబ్భైతో భాగిస్తే 80 రోజులు. ఫిబ్రవరి నడిమి నుంచి మే మొదటి వానల దాకా. గేటు తీసి మందను లోపలికి వదిలేస్తే వారం తిరక్కుండా పొట్టలు చెడగొట్టుకుని ఖాళీ చేసే చెక్కే, పువ్వులు కోసి ఎండబెట్టి లెక్కగా వేస్తే పది జింకల్ని ఎండాకాలం దాటిస్తుంది. అమెరికా పద్ధతిలో చెక్కను నిలువునా వదిలెయ్యడం అక్కడి వందల ఎకరాల నడుమ సరిపోవచ్చు. ఇక్కడ కోత కొయ్యడమే సరైన పద్ధతని నా అభిప్రాయం. కోశాక గేటు తియ్యండి. కాండాలు, ఆకులు, సాళ్ళలో రాలిన గింజలు వాటికే.

పువ్వు కోయడానికి ఇంకో కారణం జింక ఎత్తు. హైబ్రిడ్ పువ్వు నేలకు 150 నుంచి 170 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కణుజుకు భుజమే 120 సెంటీమీటర్లు దాటుతుంది, మెడ చాస్తే అందుతుంది. హాగ్ డీర్ భుజం 70 సెంటీమీటర్లు, మొరిగే జింకది ఇంకా తక్కువ. చిన్న జింకలకు పువ్వు అందదు, అందేది పెద్దవాటికే. చిన్న జింకల కోసమే వెయ్యాలంటే మీటరు ఎత్తుకు మించని మోర్డెన్ లాంటి పొట్టి రకం నయం. 80 రోజుల్లో చేతికొస్తుంది కూడా. దిగుబడి తక్కువ, నూనె తక్కువ. జింకకు నూనె తక్కువైతే మంచిదే.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ మందను పోషించే బరువంతా పొద్దుతిరుగుడు మీద పెడితే ఏమవుతుందో చూడండి. సగటున 60 కిలోల జింకలు వంద ఉన్నాయనుకుంటే రోజుకు 150 కిలోల ఎండుమేత, ఏడాదికి 55 టన్నులు. ఎకరం పొద్దుతిరుగుడును ఆకు, కాండం, పువ్వు సహా మొత్తం కోసినా ఎండు పదార్థం రెండు టన్నులు. 27 ఎకరాలు కావాలి. అదే నీటి వసతి ఉన్న ఎకరంలో హైబ్రిడ్ నేపియర్ గడ్డి ఏటా 80 టన్నుల పచ్చిమేత ఇస్తుంది, ఎండులెక్కలో 14 టన్నుల పైన. నాలుగెకరాలు చాలు. పొట్ట నింపేది గడ్డే. మాంసకృత్తులు ఇచ్చేది పప్పుజాతి. అలసంద ఆకులో ఎండులెక్కన 20 శాతం దాకా ఉంటాయి. పొద్దుతిరుగుడుది ఈ రెండింటి తర్వాతి చోటు, ఎండాకాలపు చివరి బలం కోసం.

కాబట్టి పాతిక సెంట్లు ఉంటే నేనైతే పదిహేను సెంట్లు అలసందకు, పది సెంట్లు పొద్దుతిరుగుడుకు ఇస్తాను. అలసంద పదిహేను సెంట్లకు కిలోంబావు విత్తనం, పొద్దుతిరుగుడు పది సెంట్లకు పావుకిలో. ఏడు పువ్వుల లెక్క మారదు, జింకల సంఖ్యే పది నుంచి నాలుగుకు దిగుతుంది. అలసందను కంచె బయట పెడితే ఇంకో లాభం ఉంది. జింకలు ముందు దాని మీద పడతాయి. కంచె మీద ఒత్తిడి తగ్గుతుంది.

మన అడవుల్లో ఇలాంటివి వేస్తే పోలేదా అని అడిగేవాళ్ళుంటారు. అక్కడ మేత లెక్క పులులతో మొదలుపెట్టాలి. 2022 గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులు. ఒక పులి ఏడాదికి 50 దాకా పెద్ద జంతువుల్ని తింటుంది. మందలో పదో వంతు పోయినా తట్టుకోవాలంటే పులికి 500 జంతువులు ఉండాలి. 84 పులులకు 42 వేలు. సగటున 50 కిలోలనుకుంటే వాటి మేత రోజుకు 52 టన్నుల ఎండు పదార్థం. అమ్రాబాద్, నల్లమల, కవ్వాల్‌లలో అది గడ్డి మైదానాలు బాగుచేసి, కలుపు పొదలు పీకి, ఎండాకాలం నీళ్ళు పెట్టి సాధించాల్సిన పని. పువ్వుల చెక్కలతో అయ్యేది కాదు. పైగా అడవి అంచున జింకల్ని రప్పించే పంట వేస్తే పక్క రైతు చేనుకు, ఊరకుక్కలకు, ఉచ్చులకు దారి చూపినట్టే. ఒకేచోట మేత పెడితే మంద ఒత్తుకుని రోగాలు పాకుతాయి. 1967లో కొలరాడోలో తొలిసారి చూసిన క్రానిక్ వేస్టింగ్ వ్యాధి ఇప్పుడు 30కి పైగా అమెరికా రాష్ట్రాల్లో ఉంది. జింకలు గుమిగూడేలా మేత పెట్టడాన్ని అక్కడ చాలా రాష్ట్రాలు కట్టడి చేశాయి. మన దగ్గర గాలికుంటు ఉండనే ఉంది, పశువులకూ జింకలకూ ఉమ్మడి రోగం.

కాబట్టి ఈ చెక్క కంచె లోపలి పార్కులకు, జింకల వనాలకు, పునరావాస కేంద్రాలకు మాత్రమే. అక్కడ పనిచేసేవాళ్ళకు ఒక్క మనవి. దుకాణంలో కొనే హైబ్రిడ్ విత్తనం గులాబీరంగో ఆకుపచ్చో పూతతో వస్తుంది. అది రంగు కోసం వేసింది కాదు, బూజు మందు, పురుగు మందు కలిపిన పూత. పది సెంట్లకు పావుకిలో వాడి, సంచిలో ఒకటిన్నర కిలో మిగిలిందనుకోండి. పారెయ్యడం ఎందుకని దాన్ని జింకల తొట్టిలో పొయ్యకండి. మూతి కట్టి వచ్చే నవంబరుకు దాచండి, లేదంటే పక్క రైతుకిచ్చెయ్యండి.